వాల్థర్ ఫ్లెమింగ్

ఈ వ్యాసం కణవిభజనను అధ్యయనం చేసిన జర్మన్ శాస్త్రజ్ఞుని గురించినది. పెన్సిలిన్‌ను కనుగొన్న స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వేరొకరు.

వాల్థర్ ఫ్లెమింగ్ (1843 ఏప్రిల్ 21 - 1905 ఆగస్టు 4) జర్మనీ దేశానికి చెందిన ప్రముఖ జీవశాస్త్రజ్ఞుడు, శరీరనిర్మాణ శాస్త్ర ఆచార్యుడు. జంతుకణాలు విభజన చెందే తీరును దశలవారీగా పరిశీలించి, ఆ ప్రక్రియకు మైటాసిస్ (సమవిభజన) అని పేరు పెట్టినది ఈయనే. కణకేంద్రకంలో రంగును బాగా పీల్చుకునే పదార్థానికి క్రొమాటిన్ అనే పేరు కూడా ఈయన పెట్టినదే. కణజన్యుశాస్త్రానికి పునాది వేసినవారిలో ముఖ్యునిగా ఈయనను పరిగణిస్తారు. కణవిభజన చివరలో రెండు పిల్లకణాల నడుమ మిగిలే అతి చిన్న నిర్మాణాన్ని ఈయన 1891లో వర్ణించాడు. మిడ్‌బాడీ అని పిలిచే ఈ నిర్మాణానికి ఈయన పేరు మీదుగా ఫ్లెమింగ్ దేహం అనే పేరు కూడా ఉంది. శతాబ్దానికి పైగా పనికిరాని శేషంగా భావించబడిన ఈ నిర్మాణం ఉపకళా కణాల (ఎపిథీలియల్ కణాల) జీవితాన్ని ప్రభావితం చేస్తుందని 21వ శతాబ్దపు పరిశోధనలలో తేలింది.

బాల్యము, విద్యాభ్యాసము

ఫ్లెమింగ్ ఉత్తర జర్మనీలోని మెక్లెన్‌బర్గ్ ప్రాంతంలో, ష్వెరిన్ నగరం సమీపాన ఉన్న సాక్సెన్‌బర్గ్‌లో జన్మించాడు. తండ్రి కార్ల్ ఫ్రీడ్రిక్ ఫ్లెమింగ్ మానసిక వైద్యుడు. సాక్సెన్‌బర్గ్ మానసిక చికిత్సాలయానికి అధిపతి. తల్లి ఆగస్టె వింటర్ ఆయనకు రెండవ భార్య. ఆమెకు వాల్థర్ ఒక్కడే కుమారుడు.

పాఠశాల విద్య ష్వెరిన్‌లో సాగింది. తరువాతి కాలంలో రచయితగా పేరు పొందిన హైన్రిక్ జైడెల్ ఆ రోజులలో ఈయనకు స్నేహితుడు. తండ్రి బాటలోనే వైద్యవిద్యను ఎంచుకొని గ్యోట్టింగెన్, ట్యూబింగెన్, బెర్లిన్, రోస్టాక్ విశ్వవిద్యాలయాలలో చదివాడు. 1868లో రోస్టాక్‌లో వైద్యపట్టా పొందాడు. కొంతకాలం ఆమ్‌స్టర్‌డామ్‌లో విల్లీ క్యూనే అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుని వద్ద సహాయకునిగా పనిచేశాడు. 1870-71లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధంలో సైనిక వైద్యునిగా సేవ చేశాడు.

యుద్ధానంతరం వైద్యవృత్తిని కాక, బోధనను, పరిశోధనను చేపట్టాడు. కొంతకాలం ప్రాగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా ఉన్నాడు. 1876లో బాల్టిక్ సముద్రతీరాన ఉన్న కీల్ నగరపు విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణ శాస్త్ర ఆచార్య పదవిని, ఆ సంస్థ నిర్వహణ బాధ్యతను స్వీకరించాడు. మిగిలిన జీవితమంతా కీల్‌లోనే గడిపాడు. ఈయనకు పేరు తెచ్చిన పరిశోధనలన్నీ దాదాపుగా అక్కడ జరిగినవే.

అప్పటి శాస్త్ర పరిస్థితి

కణం నుండి మాత్రమే కణం పుడుతుందని రుడాల్ఫ్ వర్చో 1855లో ప్రకటించాడు. కాని కణం రెండుగా చీలేటపుడు లోపలి కేంద్రకం ఏమవుతుందన్నది తేలలేదు. కేంద్రకం నడుమ నొక్కుకుపోయి రెండు ముక్కలవుతుందని కొందరు భావించారు. పాత కేంద్రకం పూర్తిగా కరిగిపోయి, పిల్లకణాలలో కొత్త కేంద్రకాలు తమంత తామే ఏర్పడతాయని మరికొందరు భావించారు. ఇది చిన్న విషయం కాదు. కేంద్రకం ప్రతిసారీ కొత్తగా పుట్టేదైతే, తల్లికణం నుండి పిల్లకణానికి చేరే వారసత్వానికి అది ఆధారం కాజాలదు.

జంతుకణాలు పారదర్శకంగా ఉండడం వలన సూక్ష్మదర్శినిలో వాటి లోపలి భాగాలు స్పష్టంగా కనిపించేవి కావు. 19వ శతాబ్దపు ద్వితీయార్థంలో బట్టల అద్దకం కోసం తయారైన అనిలిన్ రంగులు ఈ ఇబ్బందిని తొలగించాయి. అదే కాలంలో సూక్ష్మదర్శిని కటకాలు కూడా బాగా మెరుగుపడ్డాయి. ఈ రెండింటినీ చక్కగా వినియోగించుకున్నవారిలో ఫ్లెమింగ్ ముఖ్యుడు.

సమవిభజన ఆవిష్కరణ

ఫ్లెమింగ్ తన పరిశోధనలకు సాలమాండర్ అనే ఉభయచర జీవి డింభకాలను ఎంచుకున్నాడు. వీటి కణాలు పెద్దవి. కేంద్రకంలోని తంతువులు లావైనవి, లెక్కకు తక్కువ. తోక అంచునా, మొప్పల మీదా ఉండే పలుచని ఉపకళను బ్రతికి ఉండగానే సూక్ష్మదర్శిని కింద చూడవచ్చు. శరీరపు పైపొరగా, అవయవాల లోపలి పొరగా పరచుకొని ఉండే కణజాలాన్ని ఉపకళ అంటారు. ఇందులోని కణాలు అరిగిపోతూ, మళ్ళీ పుడుతూ ఉంటాయి కనుక విభజన చెందే కణాలు తరచుగా కనిపిస్తాయి. సమవిభజన కథ మొదలైనది ఉపకళా కణాలతోనే.

రంగు వేసిన కణం చనిపోయిన కణం. అందులో కనిపించేది ఒక్క క్షణపు రూపమే. ఏ రూపం ముందు, ఏ రూపం తరువాత అన్నది దానిని బట్టి తెలియదు. అందువలన ఫ్లెమింగ్ రెండు మార్గాలను కలిపి వాడాడు. ఒకవైపు సజీవ కణాన్ని గంటల తరబడి చూస్తూ మార్పుల వరుసను నమోదు చేసేవాడు. మరొకవైపు రంగు వేసిన కణాలలో వివరాలను పరిశీలించి, వాటిని ఆ వరుసలో అమర్చేవాడు. కణాల ఆకృతి చెడకుండా నిలిపి ఉంచడానికి క్రోమిక్ ఆమ్లం, ఆస్మిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని రూపొందించాడు. ఇది ఫ్లెమింగ్ ద్రావణం అనే పేరుతో చాలాకాలం ప్రయోగశాలలలో వాడుకలో ఉంది.

కేంద్రకంలో రంగును పీల్చుకునే పదార్థానికి 1879-80 నాటి రచనలలో క్రొమాటిన్ అని పేరు పెట్టాడు. విభజన మొదలైనపుడు ఈ పదార్థం దారాల వలె కనిపిస్తుందని, ఆ దారాలు పొట్టిగా, లావుగా మారతాయని, ప్రతి దారమూ నిలువునా రెండుగా చీలుతుందని, ఆ చీలికలు పిల్లకణాలకు పంచబడతాయని గమనించాడు. గ్రీకు భాషలో దారం అనే అర్థమిచ్చే పదం నుండి మైటాసిస్ అనే పేరును రూపొందించాడు. ఈ పరిశోధనలన్నింటినీ 1882లో కణపదార్థం, కేంద్రకం, కణవిభజన అనే అర్థం వచ్చే పేరుతో గ్రంథంగా ప్రచురించాడు. కేంద్రకం కేంద్రకం నుండే పుడుతుందన్నది ఆ గ్రంథపు ముఖ్య సారాంశం. ఈ విధంగా వర్చో సూత్రాన్ని ఫ్లెమింగ్ కేంద్రకానికి కూడా వర్తింపజేశాడు. ఆ దారాలకు క్రోమోజోములు అనే పేరు పెట్టినవాడు మాత్రం హైన్రిక్ వాల్డెయర్ (1888).

ఈ కృషిలో ఫ్లెమింగ్ ఒంటరి కాదు. మొక్కల కణాలలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్, పరాన్నజీవులైన ఏలికపాముల అండాలలో ఎడ్వర్డ్ వాన్ బెనెడెన్ ఇదే కాలంలో ముఖ్యమైన పరిశీలనలు చేశారు. అయితే విభజన దశల వరుసను జంతుకణాలలో పూర్తిగా, సచిత్రంగా వివరించిన ఘనత ఫ్లెమింగ్‌కే దక్కింది.

ఫ్లెమింగ్ దేహం

కేంద్రకం రెండయిన తరువాత కణద్రవ్యం కూడా రెండుగా విడిపోవాలి. జంతుకణంలో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లతో ఏర్పడిన ఒక వలయం, సంచి మూతిని తాడు బిగించినట్లు, కణాన్ని నడుమ బిగిస్తుంది. అయినా రెండు పిల్లకణాలు వెంటనే వేరుపడవు. వాటి మధ్య సన్నని వంతెన కొంతసేపు మిగిలి ఉంటుంది. ఆ వంతెన నడిమి భాగంలో చిన్న చుక్కవంటి సాంద్రమైన నిర్మాణాన్ని ఫ్లెమింగ్ సాలమాండర్ కణాలలో చూసి, 1891లో వర్ణించాడు. నడుమనున్న దేహం అనే అర్థంలో దానికి జర్మన్ భాషలో పేరు పెట్టాడు. దీనినే మిడ్‌బాడీ అంటున్నారు.

దీని అడ్డుకొలత సుమారు ఒక మైక్రోమీటరు, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. క్రోమోజోములను లాగిన కండె తంతువులలోని సూక్ష్మనాళికలు ఇరువైపుల నుండి వచ్చి ఇక్కడ ఒకదానిపై ఒకటి అతివ్యాప్తమై, దగ్గరగా కట్టకట్టినట్లు ఉంటాయి. వంతెనను చివరగా తెంపే పని ఎస్కార్ట్ అనే ప్రోటీన్ల సముదాయానిది. ఈ సంగతి 2007లో వెలువడిన పరిశోధనలలో తెలిసింది. వంతెన మిడ్‌బాడీకి ఒక పక్కన తెగవచ్చు, రెండు పక్కలా తెగవచ్చు. ఒక పక్కనే తెగితే మిగిలిన శేషం ఒక పిల్లకణానికి అంటుకొని ఉంటుంది. రెండు పక్కలా తెగితే విడిపడి, కణాల వెలుపల మిగులుతుంది. అటువంటి శేషాన్ని పక్కకణం మింగడం కూడా కద్దు.

ఫ్లెమింగ్ తరువాత శతాబ్దానికి పైగా ఈ శేషంపై పెద్దగా శ్రద్ధ చూపినవారు లేరు. పని ముగిసిన తరువాత మిగిలిన చెత్తగానే దీనిని పరిగణించారు. 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు మిడ్‌బాడీలను వేరుచేసి, వాటిలో 160 ప్రోటీన్లను గుర్తించారు. దీనితో ఈ నిర్మాణంపై ఆసక్తి పెరిగింది. ఈ శేషాలను కొన్ని కణాలు స్వయంభక్షణ (ఆటోఫాగీ) ద్వారా జీర్ణం చేసుకుంటాయని, మూలకణాలలోనూ కొన్ని కాన్సరు కణాలలోనూ అవి పోగుపడతాయని 2011లో వెల్లడైంది.

ఉపకళా కణాలపై ప్రభావం

ఉపకళా కణానికి దిక్కు తెలియాలి. మూత్రపిండ నాళికలోని కణానికి ఒక వైపు మూత్రం ప్రవహించే ఖాళీ ప్రదేశం, మరొక వైపు ఆధారపు పొర ఉంటాయి. ఖాళీ వైపు ఉన్న తలాన్ని శిఖరతలం అంటారు. ఏ తలం ఎటు ఉండాలో కణం గుర్తించలేకపోతే నాళిక ఏర్పడదు. ఈ విషయాన్ని అధ్యయనం చేయడానికి 1958లో ఒక కుక్క మూత్రపిండం నుండి తీసి పెంచిన ఎండీసీకే అనే కణాలను శాస్త్రజ్ఞులు విరివిగా వాడుతున్నారు. ఈ కణాలలో మిడ్‌బాడీ పాత్ర ముఖ్యంగా రెండు సందర్భాలలో కనిపించింది.

మొదటిది నాళిక ప్రారంభం. ఈ కణాలను మెత్తని జెల్‌లో పెంచితే, ఒక్కొక్క కణం విభజన చెందుతూ మధ్యలో ఖాళీ ఉన్న బంతిగా తయారవుతుంది. మొదటి విభజనలో మిడ్‌బాడీ ఏర్పడిన చోటనే శిఖరతలానికి చెందిన ప్రోటీన్లు చేరడం, అక్కడే ఖాళీ ప్రదేశం మొదలవడం గమనించారు. అంటే విభజన ముగింపుస్థానం భవిష్యత్ నాళికకు ఆరంభ సూచికగా పనిచేస్తున్నది.

రెండవది ప్రాథమిక శైలిక. చాలా కణాల ఉపరితలంపై ఒక్కటే ఒక్క కదలని రోమం వంటి నిర్మాణం ఉంటుంది. దీనిని ప్రాథమిక శైలిక అంటారు. మూత్రపిండ కణాలలో ఇది ద్రవ ప్రవాహాన్ని పసిగట్టి లోపలికి సంకేతాలు పంపుతుంది. స్పెయిన్‌లోని మాడ్రిడ్‌కు చెందిన పరిశోధకులు 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, విభజన తరువాత మిడ్‌బాడీ శేషం మొదట కణపు శిఖరతలంపై అంచున ఉంటుంది. తరువాత అది తలం మీదుగా నెమ్మదిగా కదిలి మధ్యభాగానికి, అనగా లోపల సెంట్రోసోము ఉన్న చోటికి చేరుతుంది. ఆపైన అక్కడే శైలిక మొలుస్తుంది. శేషాన్ని తొలగించిన కణాలలో శైలిక ఏర్పడటం బాగా తగ్గిపోయింది. శైలికకు కావలసిన ప్రత్యేకమైన పొరపదార్థాన్ని ఈ శేషం అందిస్తున్నదని అదే బృందం 2021లో వివరించింది. అన్ని కణాలూ ఈ మార్గాన్నే అనుసరించవు. సంధాయక కణజాలానికి చెందిన ఫైబ్రోబ్లాస్టు వంటి కణాలలో శైలిక ఏర్పడటం కణం లోపలనే మొదలవుతుంది.

శైలికల లోపాల వలన అనేక వ్యాధులు వస్తాయి. మూత్రపిండాలలో నీటితిత్తులు పెరిగి, క్రమంగా అవి పనిచేయకుండా పోయే వంశపారంపర్య వ్యాధి వీటిలో ముఖ్యమైనది. ఈ వ్యాధికి కారణమైన జన్యువులు తయారుచేసే పాలిసిస్టిన్ ప్రోటీన్లు శైలికపై ఉంటాయి. అయితే మిడ్‌బాడీ శేషంలోని లోపమే మనుషులలో ఈ వ్యాధిని కలిగిస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. ప్రయోగశాలలో పెంచిన కణాలలో కనిపించినదానిని శరీరానికి అన్వయించేటపుడు ఈ జాగ్రత్త అవసరం.

పొరపాట్లు, అందని సంబంధం

ఫ్లెమింగ్ పరిశీలనలు చాలావరకు నిలిచినా, కొన్ని అభిప్రాయాలు తరువాత సవరించబడ్డాయి. విభజన ఆరంభంలో కేంద్రకంలోని పదార్థం అంతా ఒకే పొడవైన దారంగా ఉండి, తరువాత ముక్కలవుతుందని ఈయన భావించాడు. క్రోమోజోములు ఎల్లప్పుడూ వేర్వేరుగానే ఉంటాయని తరువాతివారు నిరూపించారు. మానవుని కంటిపాపపై ఉండే కార్నియా కణాలను పరిశీలించి, 1898లో మనిషి క్రోమోజోముల సంఖ్య సుమారు 24 అని అంచనా వేశాడు. సరైన సంఖ్య 46 అని 1956లో గాని తేలలేదు.

గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలపై చేసిన ప్రయోగాలు 1866లోనే ప్రచురితమయినా ఫ్లెమింగ్ దృష్టికి రాలేదు. క్రోమోజోములు సమానంగా చీలి పంచబడటాన్ని ఈయన చూశాడు. లక్షణాలు లెక్క ప్రకారం సంక్రమించడాన్ని మెండెల్ చూశాడు. ఈ రెండింటినీ ఈయన కలపలేకపోయాడు. మెండెల్ సూత్రాలు 1900లో తిరిగి వెలుగులోకి వచ్చిన తరువాత, 1902-03లో వాల్టర్ సట్టన్, థియోడోర్ బొవేరి ఆ సంబంధాన్ని ప్రతిపాదించారు.

వ్యక్తిత్వము, చివరి రోజులు

ఫ్లెమింగ్ దానశీలి అని ప్రసిద్ధి. ప్రతి వారం నిరాశ్రయులకు భోజనం పెట్టేవాడని, జీతంలో ఐదవ వంతు వారి ఆశ్రయాలకు ఇచ్చేవాడని, బడికి పోలేని పేదపిల్లలకు లెక్కలు నేర్పేవాడని చెబుతారు. అనారోగ్యం వలన 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో పదవి నుండి విరమించాడు. 1905 ఆగస్టు 4న కీల్‌లో మరణించాడు.

హైదరాబాదులో ఫ్లెమింగ్ వారసత్వం

ఫ్లెమింగ్ భారతదేశానికి సంబంధించిన వ్యక్తి కాకపోయినా, ఈయన ప్రారంభించిన విషయం హైదరాబాదులో తార్నాక పరిసరాలలో రెండు విధాలుగా కొనసాగుతున్నది. ఒకటి బోధన, రెండవది పరిశోధన.

1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణం తార్నాకను ఆనుకొని ఉంది. అక్కడి వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర, జన్యుశాస్త్ర విద్యార్థులకు సమవిభజన తొలి పాఠాలలో ఒకటి. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ దశలు ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అనే పేర్లతో పరిచయం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యపుస్తకాల ద్వారా ఇటువంటి పారిభాషిక పదాలను వ్యాప్తిలోకి తెచ్చింది. ఫ్లెమింగ్ గ్రీకు మాటలతో చేసిన పనినే, పారిభాషిక పదాల నిర్మాతలు సంస్కృత, తెలుగు మాటలతో చేశారు.

ప్రయోగ తరగతులలో సమవిభజనను చూపడానికి సాధారణంగా ఉల్లి వేరుకొనను వాడతారు. వేరుకొనను ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లపు మిశ్రమంలో ఉంచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మెత్తబరచి, ఎసిటోకార్మైన్ రంగు వేసి, గాజుపలకపై నొక్కి చూస్తారు. క్రోమోజోములు చక్కగా కనిపిస్తాయి. కాని ఈ విధంగా చూసిన విద్యార్థికి ఫ్లెమింగ్ దేహం కనిపించదు. మొక్కల కణానికి గట్టి గోడ ఉంటుంది కనుక అది నడుమ నొక్కుకోదు. లోపల కణఫలకం ఏర్పడి, అది అంచులకు వ్యాపించి రెండు కణాలను వేరుచేస్తుంది. మిడ్‌బాడీని చూడాలంటే జంతుకణాలను పెంచి, సూక్ష్మనాళికలకు అంటే ప్రతిదీప్త రంగులు వాడాలి.

అటువంటి కణజీవశాస్త్ర పరిశోధనకు ప్రసిద్ధి చెందిన సంస్థ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం). ఇది 1977లో తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాలలో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వాన ప్రారంభమైంది. ఆ పరిశోధనశాలకు 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పేరు మారింది. సీసీఎంబీ తరువాత హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డుపై సొంత ప్రాంగణానికి తరలింది. 1987 నవంబరు 26న నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దానిని జాతికి అంకితం చేశాడు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉల్లి వేరుతో మొదలయ్యే పాఠానికి తరువాతి అధ్యాయాలు ఆ రోడ్డులోనే కొద్ది దూరంలో కొనసాగుతున్నాయని చెప్పవచ్చు.

ప్రాముఖ్యత

కణవిభజనపై ఆధారపడిన శాస్త్రశాఖలన్నింటికీ ఫ్లెమింగ్ కృషి మూలం. కాన్సరు నిర్ధారణలో విభజన చెందుతున్న కణాలను లెక్కించడం, పుట్టబోయే శిశువు క్రోమోజోములను పరీక్షించడం వంటివి ఈయన చూపిన మార్గంలోనివే. లసిక గ్రంథులలో కణాలు చురుకుగా విభజన చెందే కేంద్రాలను 1880 దశకంలో వర్ణించినది కూడా ఈయనే. వ్యాధినిరోధక శాస్త్రంలో వీటికి ముఖ్యస్థానం ఉంది. మిడ్‌బాడీ విషయంలో దాని పని ఏమిటో ఈయనకు తెలియదు. అయినా కనిపించినదానిని వదిలివేయక, బొమ్మగీసి నమోదు చేశాడు. దాని ప్రయోజనం తెలియడానికి మరొక వంద సంవత్సరాలకు పైగా పట్టింది.

ఇవి కూడా చూడండి

కణవిభజన
క్రోమోజోము
ఉపకళా కణజాలం
గ్రెగర్ మెండెల్
ఉస్మానియా విశ్వవిద్యాలయం
సీసీఎంబీ